కాన్ఫరెన్స్‌లో ప్రైజ్ వచ్చిన పేపర్ మూడేళ్ళుగా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. జర్నల్‌కి పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ డెంటిస్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఎమ్‌డీఎస్ (డెంటల్ పీజీ) చేసింది పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో. ఇప్పుడు మిర్యాలగూడలో పొద్దున ఒక క్లినిక్, సాయంత్రం ఇంకో క్లినిక్. థీసిస్ కోసం 2022 ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా నల్గొండ జిల్లాల మర్రిగూడ, చండూరు వైపు ఆరు సర్కారు స్కూళ్ళు తిరిగిన. 12 ఏళ్ళ పిల్లలు, 15 ఏళ్ళ పిల్లలు కలిపి నాలుగు వందల పైచిలుకు మందిని చూసిన. ఫ్లోరోసిస్‌కి, అంటే నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద పడే మచ్చలకి, డీన్స్ ఇండెక్స్ అనే స్కోరు. పుచ్చుపళ్ళకి డీఎమ్‌ఎఫ్‌టీ, అంటే పుచ్చినయి, పోయినయి, నింపినయి కలిపిన లెక్క. ప్రతి స్కూల్ నుంచి ఒక సీసా తాగునీళ్ళు పట్టుకొచ్చి ఫ్లోరైడ్ ఎంతుందో టెస్ట్ చేయించిన.

అదే 2023లో ఒక నేషనల్ కాన్ఫరెన్స్‌లో 8 నిమిషాలు, 12 స్లైడ్లు. సెకండ్ ప్రైజ్ ఇచ్చిన్రు. దిగి రాగానే మా గైడ్ సార్ "నెలలో పబ్లికేషన్‌కి పంపెయ్" అన్నడు. ఆ నెల ఇంకా అయితలేదు.

పోయిన వారం పీపీటీ తెరిచి, స్లైడ్ల మీద ఉన్నది వర్డ్‌లోకి ఎక్కించుడు మొదలుపెట్టిన. రెండు పేజీలు కూడా నిండలే. థీసిస్ చూస్తే 110 పేజీలు. ఒకటి మరీ చిన్నగా ఉంది, ఇంకొకటి కొండంత ఉంది, మధ్యల ఉండే వస్తువు ఎట్ల తయారుచేయాలో సమజ్ అయితలేదు.

ఇంకో భయం. అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ సారాంశం, కాన్ఫరెన్స్ సావనీర్ పుస్తకంలో అచ్చయింది. మళ్ళీ జర్నల్‌కి పంపితే డూప్లికేట్ పబ్లికేషన్ అంటరా? పైగా అబ్‌స్ట్రాక్ట్ పంపేనాటికి నాలుగు స్కూళ్ళే అయినయి, అందులో ఉన్న అంకెలు వేరు, స్టేజీ మీద చెప్పిన అంకెలు వేరు. డేటా కూడా పాతబడ్డది కదా. అసలు ఎవరైనా తీసుకుంటరా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. 4,500 కడితే ఏడు రోజుల్లో యాక్సెప్టెన్స్ లెటర్ అట. సిగ్గు విడిచి చెప్తున్న, ఒక పూట ఆలోచించిన.

గుంటూరు మేడమ్

ముందు ఆ వాట్సాప్ నంబర్ బ్లాక్ చెయ్యమ్మా. తర్వాత మాట్లాడుకుందాం.

నేను పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలోనే ఇరవై ఏళ్ళ పైబడి పాఠాలు చెబుతున్నాను, ఒకటి రెండు జర్నళ్ళకి వచ్చిన పేపర్లు చదివి రివ్యూలు రాస్తాను. నీకు నీతులు చెప్పే అర్హత మాత్రం లేదు. 2009లో నాకూ బెస్ట్ పేపర్ ఇచ్చారు. దవడపన్ను ఆకారంలో ఇత్తడి మెమెంటో, ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది, మా పనమ్మాయి వారం వారం తుడుస్తుంది. పేపర్ మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. నాలుగేళ్ళ తర్వాత తీరిక దొరికి ఎక్సెల్ షీట్ తెరిచాను. జెండర్ కాలమ్ నిండా 1, 2 అని ఉంది. 1 అంటే మగపిల్లలా ఆడపిల్లలా? ఆహారం కాలమ్‌లో 1, 2, 3. వాటి అర్థం రాసిన కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది. పచ్చిగా చెప్పాలంటే తొమ్మిది వందల మంది పిల్లల నోళ్ళు చూసి ఏమీ మిగుల్చుకోలేదు. కాబట్టి ఈ రాత్రికి నువ్వు చెయ్యాల్సింది రాయడం కాదు. ఎక్సెల్ తెరిచి, ప్రతి కాలమ్‌కీ ప్రతి అంకెకీ అర్థం నీకు తెలుసా లేదా చూసుకో. తెలియకపోతే థీసిస్ చివరి అనెగ్జర్‌లో ప్రొఫార్మా, అంటే పిల్లల్ని పరీక్షించిన ఖాళీ ఫారం, ఉంటుంది, దానితో సరిపోల్చు.

నువ్వొక్కదానివే అనుకోకు. అధ్యయనాలన్నీ పోగుచేసి తూచే కోక్రేన్ సంస్థ 2018లో వేసిన సమీక్ష ఒకటి ఉంది, వైద్యరంగం మొత్తం మీద. 425 అధ్యయనాలు పోగుచేసి, కాన్ఫరెన్సుల్లో చదివిన 3 లక్షల 7 వేల పైచిలుకు అబ్‌స్ట్రాక్టులు చివరికి ఏమయ్యాయో చూశారు. పూర్తి వ్యాసంగా బయటికొచ్చినవి 37 శాతం. మిగతావన్నీ మన పెన్‌డ్రైవుల్లాంటి చోట్లే ఉన్నాయి. ఎందుకు రాయలేదని రచయితల్నే అడిగితే, జర్నల్ తిప్పికొట్టిందని చెప్పినవాళ్ళకన్నా టైం దొరకలేదన్నవాళ్ళే ఎక్కువ. అంటే చాలామంది పంపనే లేదు.

సావనీర్ సంగతి తేలిక. కాన్ఫరెన్స్‌లో అబ్‌స్ట్రాక్టుగానో పోస్టరుగానో వచ్చినంత మాత్రాన డూప్లికేట్ కాదని వైద్య జర్నల్ ఎడిటర్ల కమిటీ, అదే ఐసీఎమ్‌జేఈ, స్పష్టంగా రాసింది. దాచకూడదు, అంతే. ఫలానా కాన్ఫరెన్స్‌లో ఫలానా సంవత్సరం ఓరల్ పేపర్‌గా చదివామని టైటిల్ పేజీలో ఒక లైను, కవర్ లెటర్‌లో ఒక లైను. అంకెల తేడా కూడా ఆ లెటర్‌లోనే చెప్పెయ్: అబ్‌స్ట్రాక్ట్ పంపేనాటికి నాలుగు స్కూళ్ళు, ఇది ఆరు స్కూళ్ళ పూర్తి లెక్క. డేటా కలెక్షన్ అవ్వకుండానే అబ్‌స్ట్రాక్ట్ పంపడం మన దగ్గర ఆచారం, ఎడిటర్లకి తెలియంది కాదు. సావనీర్‌లో మొత్తం వ్యాసం అచ్చయి ఉంటే మాత్రం సంగతి వేరు.

ఇప్పుడు అసలు విషయం. స్టేజీ దిగేముందు నిన్ను ఏం ప్రశ్నలు అడిగారు? రాసిపెట్టుకున్నావా?

మిర్యాలగూడ డెంటిస్ట్

థాంక్యూ మేడమ్. నంబర్ బ్లాక్ చేసిన.

రెండు ప్రశ్నలు గుర్తున్నయి. ఒక చైర్‌పర్సన్ "కాలిబ్రేషన్ ఎవరు చేశారు, కప్పా ఎంత" అన్నడు, అంటే స్కోర్లు వేసుడు ఎవరు నేర్పిన్రు, మళ్ళీ చూస్తే ఎంతవరకు కలిసినయి అని. చెప్పిన. ఇంకొక పెద్ద సార్ లేచి "మీరు 2022లో కొళాయి నీళ్ళు పట్టారు, ఆ పిల్లలు ఏ నీళ్ళు తాగి పెరిగారమ్మా" అన్నడు. నాకు నోట మాట రాలే. టైం అయిపోయిందని బెల్ కొట్టిన్రు, బతికిపోయిన అనుకున్న.

గుంటూరు మేడమ్

బతికిపోలేదు, ఆ బెల్లు నీ పేపర్‌ని మూడేళ్ళు ఆపింది. ఆ పెద్దాయన ఎవరోగానీ నీ డిస్కషన్ మొత్తం ఒక్క వాక్యంలో చేతికిచ్చి వెళ్ళాడు.

లెక్క చూడు. 2022లో నీ 12 ఏళ్ళ పిల్లలు 2010 ప్రాంతంలో పుట్టారు, 15 ఏళ్ళవాళ్ళు 2007 ప్రాంతంలో. మిషన్ భగీరథ మొదలైందే 2016 ఆగస్టులో, ఊరూరికీ కొళాయి చేరేసరికి ఇంకా సమయం పట్టింది. అప్పటికి చిన్నవాళ్ళకి ఆరేళ్ళు, పెద్దవాళ్ళకి తొమ్మిది. శాశ్వత ముందుపళ్ళ ఎనామెల్ నాలుగైదేళ్ళకే తయారైపోతుంది, రెండో మోలార్లవి, అంటే వెనక దవడపళ్ళవి, ఏడెనిమిది ఏళ్ళకి. అంటే నువ్వు చూసిన ముందుపళ్ళ మీది మచ్చలు బోరునీళ్ళు చేసినవి. నువ్వు సీసాలో పట్టింది భగీరథ కొళాయిలో వచ్చే కృష్ణా నది నీళ్ళు అయ్యుండొచ్చు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి కోరిలేషన్ (రెండింటికీ పొంతన లెక్క) తీసి స్లైడ్ మీద ఎర్ర బాణం గీసుంటావు. నేనే రివ్యూయర్నైతే అక్కడే ఆగిపోతాను.

అయితే నీ బలం కూడా అక్కడే ఉంది. డేటా పాతబడిందని ఏడుస్తున్నావు కదా, ఎనామెల్ తయారయ్యే వయసులో బోరునీళ్ళు తాగి, పళ్ళొచ్చాక కొళాయి నీళ్ళకి మారిన పిల్లలు వాళ్ళు. ఇవాళ అదే స్కూలుకి వెళ్ళి 12 ఏళ్ళవాళ్ళని కూర్చోబెడితే వాళ్ళ కథ వేరు. 2022లో నువ్వు చూసింది మళ్ళీ ఎవరూ చూడలేరు. పరీక్ష చేసిన నెలలు మెథడ్స్‌లో దాచకుండా రాయి, ఆ పాతదనమే ఈ పేపర్‌కి కారణమని ఇంట్రడక్షన్ చివర చెప్పు.

ఇంట్రడక్షన్ అంటే గుర్తొచ్చింది. దయచేసి "ఫ్లోరిన్ భూమి పొరల్లో పదమూడో స్థానంలో ఉన్న మూలకం" అని మొదలుపెట్టకు. ఫ్లోరోసిస్ మీద నా చేతికొచ్చే ప్రతి రెండో పేపరూ అక్కడే మొదలవుతుంది. మన వైపు ఈ జబ్బు గురించి 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా నుంచి షార్ట్ బృందం రాసింది. నల్గొండ పేరుతో నీళ్ళు శుద్ధిచేసే పద్ధతే ఉంది, పటిక, సున్నం కలిపేది, నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ వాళ్ళది. అంత చరిత్ర ఉన్న జిల్లాలో ఎంతమందికి ఉందో లెక్కపెట్టే ఇంకొక ప్రివలెన్స్ స్టడీ ఎందుకని ఎడిటర్ అడుగుతాడు. బోరు నుంచి కొళాయికి మారిన తరం అనే సమాధానం మొదటి పేజీలోనే కనపడాలి.

రాసే క్రమం నేనైతే ఇలా పెట్టుకుంటాను. పీపీటీ మూసెయ్. థీసిస్ కూడా మూసెయ్. ఎక్సెల్ నుంచి మూడో నాలుగో టేబుళ్ళు కొత్తగా తయారుచెయ్. స్లైడ్లలో ఉన్న రంగురంగుల త్రీడీ పై చార్టులు జడ్జీల కోసం, జర్నల్‌కి పనికిరావు. టేబుళ్ళు చూస్తూ రిజల్ట్స్ రాయి, ఒక ఆదివారంలో అయిపోతుంది. తర్వాత మెథడ్స్, అది మాత్రం థీసిస్ పక్కన పెట్టుకుని: స్కూళ్ళు ఎలా ఎంచావు, పుట్టినప్పటి నుంచి అదే ఊళ్ళో ఉన్నవాళ్ళనే తీసుకున్నావా, డీన్స్‌లో ఎక్కువ మచ్చలున్న రెండు పళ్ళు సమానంగా లేకపోతే తక్కువ ఉన్నదాని స్కోరే వేశావా, ఎథిక్స్ కమిటీ నంబరు, తల్లిదండ్రుల సంతకాలు. స్టేజీ మీద ఇవన్నీ ఒకే స్లైడ్‌లో ఇరవై సెకన్లలో దాటిపోయినవి. రివ్యూయర్ ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడే. నీలాంటి క్రాస్ సెక్షనల్ స్టడీకి, అంటే ఒకే సమయంలో చూసి రాసేదానికి, స్ట్రోబ్ అని 22 అంశాల చెక్‌లిస్ట్ ఉంది, దించుకుని పక్కన పెట్టుకో. ఇంట్రడక్షన్, డిస్కషన్ చివర్న. నీ నలభై పేజీల రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లోంచి నాలుగు పేరాలు మిగిలితే గొప్ప. చాలా జర్నళ్ళు 3,000 పదాల దగ్గర గీత గీస్తాయి.

ఒకటి అడగడం మర్చిపోయాను. ఫారంలో ఫ్లోరోసిస్ పంటి వారీగా రాశావా, మనిషికొక స్కోరే వేశావా? పంటి వారీగా ఉంటే ముందుపళ్ళనీ ప్రీమోలార్లనీ (దవడపళ్ళ ముందుండేవి) విడిగా చూడొచ్చు. అది నిజంగా బంగారం.

లెక్కలాయన

నేను డెంటిస్టుని కాదు, మెడికల్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చూస్తాను. మేడమ్ చెప్పినదానికి ఒక చేదు మాట కలుపుతున్నాను.

ఆరు స్కూళ్ళు, స్కూలుకొక నీళ్ళ సీసా. అంటే నీళ్ళ విషయంలో మీ దగ్గరున్నవి నాలుగు వందల కొలతలు కావు, ఆరే. ఒకే స్కూలు పిల్లలంతా దాదాపు ఒకే నీళ్ళు తాగినవాళ్ళు, ఒకే ఊరివాళ్ళు, వాళ్ళు ఒకరికొకరు సంబంధం లేని మనుషులు కారు. మామూలు కై స్క్వేర్ పరీక్ష చేసి "హైలీ సిగ్నిఫికెంట్" అని రాస్తే పి వాల్యూ ఉన్నదానికన్నా చిన్నదిగా, అంటే ఫలితం ఉన్నదానికన్నా గట్టిగా, కనిపిస్తుంది. స్కూలుని క్లస్టర్‌గా, అంటే ఒక గుంపుగా, లెక్కలోకి తీసుకుని మళ్ళీ చేయించండి. ఆరు క్లస్టర్లు తక్కువే, ఆ మాట లిమిటేషన్స్‌లో మీరే ముందు ఒప్పుకోండి.

ఇంకొకటి, చిన్నదే కానీ ఎడిటర్లకి చిరాకు. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది కదాని "పి = 0.000" అని రాయకండి. సున్నా ఎప్పుడూ కాదు. 0.001 కన్నా తక్కువ అని రాసి, శాతాల పక్కన కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే ఆ అంకె ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో, ఇవ్వండి.

మీ థీసిస్‌కి లెక్కలు చేసిన మనిషిని ఆథర్‌గా పెట్టాలా అని తర్వాత అడుగుతారు, అందరూ అడుగుతారు. డబ్బు తీసుకుని టేబుళ్ళు ఇచ్చి వెళ్ళిపోతే కృతజ్ఞతల్లో పేరు చాలు. డిజైన్‌లోనో విశ్లేషణలోనో గట్టి పాలు ఉండి, డ్రాఫ్ట్ దిద్ది, చివరి ప్రతి చదివి ఒప్పుకుని, రేపు తప్పు దొరికితే జవాబు చెప్పడానికి నిలబడితేనే ఆథర్. నాలుగూ కావాలి, ఒకటో రెండో కాదు.

వరంగల్ పీడో

పై మాట చదివి నవ్వొచ్చింది సార్. నేను పిల్లల పళ్ళ డాక్టర్ని. నేను చదివిన చోట పేపర్ మీద పైనుంచి కింది దాకా ఎనిమిది పేర్లు, అందులో ఇద్దరు పేపర్ టైటిల్ కూడా చూసి ఉండరు. నాది చివరి నుంచి రెండోది, పని మొత్తం నాదే.

మిర్యాలగూడ మేడమ్, మీది చూసి రాసుకునే అబ్జర్వేషనల్ స్టడీ, చికిత్స ఇచ్చి చూసే ట్రయల్ కాదు కాబట్టి మీరు ఒక గండం తప్పించుకున్నరు. నాది పాలపళ్ళ పల్పెక్టమీ (పంటి లోపలి గుజ్జు తీసి నింపుడు) మీద ట్రయల్, రెండు మెటీరియల్స్ పోల్చిన. కాన్ఫరెన్స్‌ల మస్తు చప్పట్లు. జర్నల్‌కి పోతే మొదటి ప్రశ్న సీటీఆర్ఐ, అంటే మన దేశంల ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ, నంబర్. మేం అప్పటికి రిజిస్టర్ చేయలే, "అయినంక చేద్దాం" అన్నరు డిపార్ట్‌మెంట్‌ల. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ని తీసుకోకముందు చేస్తేనే ఆ వెబ్‌సైట్ తీసుకుంటది, తర్వాత తలుపు మూసినట్టే. మూడు జర్నళ్ళు రివ్యూకి కూడా పంపకుండ ఎడిటర్ డెస్క్ మీదనే వాపస్ పంపినయి. ఇప్పుడు పీజీలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే, మీ ట్రయల్‌కి మొదటి పేషెంట్ కుర్చీల కూసోకముందే ఆ పని చేయండి.

జర్నల్ అసలుదా నకిలీదా చూసుడు గురించి ఎవరూ చెప్పలే. వాళ్ళ వెబ్‌సైట్‌ల ఉన్న పబ్‌మెడ్ బొమ్మని నమ్మకండి, ఎవరైనా అంటించుకుంటరు. ప్రతి జర్నల్‌కి ఉండే ఐఎస్ఎస్ఎన్ నంబర్ తీసుకుని అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌ల, స్కోపస్ సోర్స్ లిస్ట్‌ల మీరే వెతకండి. ఎవరైనా ఉచితంగా చదివే ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే, వాటి డైరెక్టరీ డీఓఏజేల చూడండి. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ పాత కేర్ లిస్ట్‌ల ఉన్నదని ఎవరన్నా అంటే, ఆ లిస్టునే 2025 ఫిబ్రవరిలో ఆపేసిన్రు. పేరు కాపీ కొట్టిన దొంగ వెబ్‌సైట్లు కూడా ఉన్నయి, డబ్బులు కట్టే ముందు అడ్రస్ రెండుసార్లు చూడండి.

మిర్యాలగూడ డెంటిస్ట్

రెండు వారాలైంది, లేటుగా జవాబు ఇస్తున్న, క్షమించండి.

మంచి వార్త ముందు. ఎక్సెల్ కోడ్లన్నీ థీసిస్ అనెగ్జర్ 4లో దొరికినయి. 1 అంటే ఆడపిల్లలు. ఫారాలు మా అమ్మ వాళ్ళింట్ల అటక మీద బియ్యం సంచిలో ఉన్నయి, ఎలుకలు ఒక కట్ట అంచు కొరికినయి గానీ అంకెలు పోలేదు. ఫారం మీద ఫ్లోరోసిస్ పంటి వారీగానే రాసిన మేడమ్! ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడే ఒక్క స్కోరు చేసినమంట. రోజూ రాత్రి ఇరవై ఫారాలు ఎక్కిస్తున్న. మా ఆయన చదువుతడు, నేను టైప్ చేస్త.

ఇప్పుడు కొత్త అనుమానం. థీసిస్‌లో నేనే రాసిన వాక్యాలు పేపర్‌లో పెడితే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ పట్టుకుంటదా? ఇంకా ఒకటి, మా డిపార్ట్‌మెంట్ హెడ్ హెచ్‌ఓడీ గారి పేరు ఆథర్‌గా పెట్టాల్నా? ఆయన స్కూళ్ళకి పర్మిషన్ లెటర్ మీద సంతకం చేసిండు, అంతే.

గుంటూరు మేడమ్

బియ్యం సంచి! మా రోజుల్లో నాకు ఆ అటక కూడా లేకపోయింది.

థీసిస్ యూనివర్సిటీ ఆన్‌లైన్ రిపాజిటరీలో ఎక్కి ఉంటే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. థీసిస్‌లోంచి పేపర్ తీయడాన్ని చాలా జర్నళ్ళు తప్పుగా చూడవు, ఇది థీసిస్‌లో భాగమని చెబితే చాలు. అయినా వాక్యాలు కొత్తగా రాయి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకి శిక్ష లేదు, కానీ మనం రాసేది శాతం కోసం కాదు కదా. థీసిస్ వాక్యాలు ఎగ్జామినర్‌కి భయపడి రాసినవి, పొడుగు ఎక్కువ. మెథడ్స్‌లో కొలతల వర్ణన కొంత కలిసినా ఎవరూ గుండెలు బాదుకోరు.

హెచ్‌ఓడీ సంగతి లెక్కలాయన చెప్పిన నాలుగింటితో కొలిస్తే కృతజ్ఞతల్లో ఉండాలి. నీ పరిస్థితిలో ఏమవుతుందో నాకు తెలుసు, నేను ఊహాలోకంలో బతకడం లేదు. ఒక దారి చెబుతాను. డ్రాఫ్ట్ పంపి, "సార్, మీ సూచనలు కావాలి, పదిహేను రోజుల్లో దిద్ది ఇవ్వగలరా" అని మర్యాదగా మెయిల్ రాయి. డిజైన్‌లో ఆయన పాలు ఏమైనా ఉంటే అదీ గుర్తుచెయ్యమను. దిద్ది ఇస్తే ఆయన పని మొదలుపెట్టినట్టు. ఇవ్వకపోతే నీ చేతిలో మెయిల్ ఉంటుంది. మీ గైడ్‌ని ముందే ఒప్పించుకో, ఆయన లేకుండా ఈ యుద్ధం నువ్వు చెయ్యలేవు.

పంపాక తిప్పికొడతారు, అనుకునే పంపు. "మేజర్ రివిజన్" అని వస్తే అది తిరస్కారం కాదు, పిలుపు. ప్రతి కామెంట్‌కీ కింద జవాబు, మార్చిన లైను నంబరు. రివ్యూయర్ తప్పు చెప్పినా మర్యాద తప్పకు. మాలో కొందరం రాత్రి పదకొండుకి నిద్రమత్తులో రాస్తాం.

పాత బోర్ల నీళ్ళ లెక్క ఏమైనా దొరికిందా?

మిర్యాలగూడ డెంటిస్ట్

గ్రామీణ నీటి సరఫరా ఆఫీసుకి ఫోన్ చేసిన. పాత బోర్ల టెస్ట్ రిపోర్టులు రిజిస్టర్లలో ఉంటయట, వచ్చి చూసుకోమన్నరు. సోమవారం పొద్దున క్లినిక్‌కి సెలవు పెట్టి పోతున్న. ఆరు ఊళ్ళల్ల ఎన్నిటికి దొరుకుతయో చూడాలి.

గుంటూరు మేడమ్

వెళ్ళు. రిజిస్టర్‌లో బోరు నంబరు, తేదీ, ఫ్లోరైడ్ మూడూ ఫోటో తీసుకో, వాడుకోవడానికి రాతపూర్వకంగా పర్మిషన్ అడుగు. ఆ బోరు నీళ్ళు ఏ వాడ పిల్లలు తాగారో రిజిస్టర్‌లో ఉండదు. దానికి ఆ ఊళ్ళో పాత వాటర్‌మ్యాన్ ఎవరో కనుక్కుని కూర్చుని మాట్లాడు. అంతకుముందే ఇంకేదైనా స్కీము నీళ్ళు వచ్చేవేమో, ఏ సంవత్సరం ఏ బోరు ఎండిందో అతనికే గుర్తుంటుంది.